ఆరు ఆంపియర్ల పాయింటు మీద అయిదుగురు, రెండు రాత్రులు

ప్రశ్న: మాది నిజాంపేట. ఈ మధ్యే సెకండ్‌హ్యాండ్‌లో ఫోర్స్ ట్రావెలర్ మీద కట్టిన క్యాంపర్‌వ్యాన్ కొన్నాం. లోపల పడకలు, చిన్న వంటగట్టు, క్యాసెట్ టాయిలెట్ (కింది పెట్టెను బయటికి లాగి ఖాళీ చేసేది), టాప్ మీద టన్ను ఏసీ, 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఉన్నాయి. ఇప్పటిదాకా పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చే ప్రయాణాలే చేశాం. డిసెంబరులో వికారాబాద్ దగ్గర ఒక మామిడితోటలో మోటర్‌హోమ్ ఓనర్లంతా రెండు రాత్రులు కలుస్తున్నారు. ముప్ఫై బండ్లదాకా వస్తాయట. బండికో 6 ఆంపియర్ల ప్లగ్ పాయింటు, అందరికీ కలిపి ఒక నీళ్ల ట్యాంకరు, ఫామ్‌హౌస్‌లో నాలుగు బాత్‌రూములు ఉంటాయన్నారు. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు వెళ్దామనుకుంటున్నాం. ఏసీ నడుస్తుందా? నీళ్లెన్ని కావాలి? టాయిలెట్ ఎక్కడ ఖాళీ చేయాలి? అందరిలో ఇబ్బంది పడకుండా ఇంకేం చూసుకోవాలి? కారు లైసెన్సు సరిపోతుందా?

జవాబు: ముందు ఏసీ సంగతి. డిసెంబరులో అనంతగిరి గుట్టల పక్కన రాత్రి మీకు కావలసింది ఏసీ కాదు, మనిషికో మందపాటి దుప్పటి. మధ్యాహ్నం కాసేపు వేసుకుందామన్నా ఆ పాయింటును నమ్ముకోకండి. 6 ఆంపియర్లను 230 వోల్టులతో గుణిస్తే 1,380 వాట్లు. టన్ను ఏసీ నడిచేటప్పుడు 1,000 నుంచి 1,200 వాట్లు లాగుతుంది. కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ప్లగ్ పెట్టగానే మీ బ్యాటరీ చార్జర్ కూడా మొదలవుతుంది. 30 ఆంపియర్ల చార్జర్ అయితే అదొక్కటే నాలుగైదు వందల వాట్లు తింటుంది. పైగా కంప్రెసర్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఎంసీబీ (ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే స్విచ్) పడిపోవడానికి అది చాలు.

అసలు చిక్కు మీ ఒక్క పాయింటుతో కాదు. ముప్ఫై బండ్లు తలా 1,200 వాట్లు లాగితే 36 కిలోవాట్లు అవుతుంది. ఫామ్‌హౌస్‌కు ఉండేది మహా అయితే అయిదో పదో కిలోవాట్ల కనెక్షన్. 25 కేవీఏ జనరేటర్ తెప్పించినా వచ్చేది 20 కిలోవాట్లే. చీకటి పడి అందరూ ఒకేసారి స్విచ్చులు వేస్తే వోల్టేజీ 180కి జారుతుంది, ఆ వోల్టేజీలో కంప్రెసర్ తిరగలేక ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వరస మొత్తం చీకటైపోతుంది. కాబట్టి నిర్వాహకులను 'కరెంటు ఉందా' అని అడగడం దండగ. మొత్తం కనెక్షన్ ఎన్ని కిలోవాట్లు, జనరేటర్ ఏ వేళల్లో నడుస్తుంది, ఎర్తింగ్ వేశారా అని అడగండి. జవాబు తడబడుతూ వస్తే ఆ పాయింటు లేదనుకునే బయల్దేరండి.

లేకపోయినా మీకు లోటుండదు. 200 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలో 12.8 వోల్టుల లెక్కన 2,560 వాట్-అవర్లు ఉంటాయి, అందులో 2,200 దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. 12 వోల్టుల ఫ్రిజ్ రోజుకు సుమారు 500, రూఫ్ ఫ్యాన్ పది గంటలకు 300, లైట్లు 100, ఫోన్లు, నీళ్ల పంపు కలిపి 150 అనుకోండి. రోజుకు వెయ్యిన్నర లోపే. పైన 400 వాట్ల సోలార్ ప్యానెల్ ఉంటే, చెట్ల నీడలో ఆపకుండా ఉంటే, ఎండాకాలమంత కాకపోయినా పగలు వెయ్యి పైన తిరిగొస్తాయి. మామిడితోట అన్నారు కాబట్టి ఈ నీడ సంగతి గుర్తుంచుకోండి: ప్యానెల్‌లో ఒక మూల మీద కొమ్మ నీడ పడినా ఉత్పత్తి సగానికి పైగా పడిపోవచ్చు. ఏసీ మాత్రం ఈ బ్యాటరీని రెండు గంటల్లో పీల్చేస్తుంది. కెటిల్, ఇండక్షన్ స్టవ్, హెయిర్ డ్రైయర్ ఇంట్లోనే వదిలేయండి.

ఆ పాయింటుకు తగిలించాలనుకుంటే తీగ విషయంలో పిసినారితనం వద్దు. 2.5 చదరపు మిల్లీమీటర్ల త్రీ-కోర్ రాగి కేబుల్ 30 మీటర్లు తీసుకోండి. దానిలో 10 ఆంపియర్లు పారితే నాలుగైదు వోల్టులే పోతాయి. ఒక చదరపు మిల్లీమీటరు తీగయితే పదకొండు వోల్టులు పోతాయి, ఆ తేడా అంతా వేడిగా మారుతుంది. డ్రమ్ముకు చుట్టిన కేబుల్‌ను అలాగే వాడితే ఆ వేడి బయటికి పోలేక లోపలి చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అందుకే ఎంత దగ్గర పాయింటైనా కేబుల్ మొత్తం విప్పి పరవాలి. మీ బండి ప్లగ్ 16 ఆంపియర్ల లావు పిన్నులది అయ్యుంటుంది. బజారులో దొరికే తెల్ల కన్వర్టర్ ముక్క పెట్టారో, అది వదులుగా కూర్చుని గంటలో పసుపుపచ్చగా మాడుతుంది. హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో 6 ఆంపియర్ల ప్లగ్ టాప్, మూరెడు తీగ, 16 ఆంపియర్ల సాకెట్ ఉన్న చిన్న పెట్టె కొని ఎలక్ట్రీషియన్ చేత బిగించుకోండి. తక్కువ-ఎక్కువ వోల్టేజీ ప్రొటెక్టర్ ఒకటి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) ఒకటి బండిలో ఉన్నాయో లేదో చూడండి. తోటల్లో త్రీఫేజ్‌ను మూడు వరసలకు పంచుతారు. ఎక్కడో న్యూట్రల్ జాయింట్ ఊడితే ఒక వరసకు 300 వోల్టులు దాటి వస్తుంది, టీవీ నుంచి చార్జర్ దాకా అన్నీ పోతాయి. ప్రొటెక్టర్ ఉంటే అదే కట్ చేస్తుంది.

తగిలించే వరస ఇదీ. పాయింటులో మల్టీమీటర్ పెట్టి 210 నుంచి 245 మధ్య ఉందేమో చూడాలి. కేబుల్‌ను ముందు బండికి, తర్వాత పాయింటుకు పెట్టాలి. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే టక్కున పడాలి. తర్వాత టెస్టర్‌తో బండి ఇనుప బాడీని తాకి చూడాలి. టెస్టర్ వెలిగితే ప్లగ్ తీసేసి బ్యాటరీ మీదే ఉండండి. తడి గడ్డి మీద చెప్పుల్లేకుండా నిలబడి తలుపు పట్టుకునేది ఎక్కువగా పిల్లలే.

ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీలో పడుకోవడం, బండి కింద జనరేటర్ నడపడం అసలు వద్దు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో రోడ్డు పక్కన ఆపిన కారవాన్‌లో ఇద్దరు చనిపోయారు. జనరేటర్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరడమే కారణమని తేలింది. దానికి వాసన ఉండదు, దగ్గు రాదు. పక్క బండివాళ్ల జనరేటర్ పొగ గొట్టం మీ కిటికీ వైపు తిరిగి ఉన్నా ప్రమాదమే, మొహమాటపడకుండా తిప్పించండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం పడక దగ్గర తల ఎత్తులో, గ్యాస్ అలారం నేలకు జానెడు ఎత్తులో ఉండాలి, ఎందుకంటే ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, కిందికే దిగుతుంది. చలిగా ఉందని కిటికీలన్నీ బిగించుకోకండి. అయిదుగురి ఊపిరికి తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు కారతాయి, పరుపు అడుగు చెమ్మగిల్లుతుంది. రూఫ్ వెంట్ రెండు వేళ్లంత, దానికి ఎదురుగా ఒక కిటికీ అంతే తెరిచి పడుకోండి.

నీళ్లకు వద్దాం. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు లెక్కేస్తే అయిదుగురికి రెండు రోజులకు 50. దీనికి 20 లీటర్ల క్యాన్లు మూడు తీసుకెళ్లండి. గిన్నెలు, చేతులు, మొహం కడుక్కోవడానికి మనిషికి రోజుకు 8 లీటర్ల చొప్పున 80. స్నానాలు ఫామ్‌హౌస్‌లో కానిస్తే 100 లీటర్ల ట్యాంకు సరిపోతుంది. నాలుగు బాత్‌రూములకు వందమందికి పైగా వస్తారు కాబట్టి తెల్లవారుజామున అయిదింటికైనా వెళ్లాలి, టిఫిన్లయ్యాక పదకొండింటికైనా వెళ్లాలి. ట్యాంకరును అవసరానికే వాడుకోండి. పట్టుకోవాల్సి వస్తే మీ సొంత తాగునీటి గొట్టమే తీసుకెళ్లి, మూతికి పల్చటి నూలుగుడ్డ కట్టి పట్టుకోండి. ట్యాంకరు అడుగు మట్టి పంపు జాలీలో ఇరుక్కుంటే పంపు గురగురమంటుంది తప్ప కుళాయిలో ధార రాదు.

సెకండ్‌హ్యాండ్ బండి ట్యాంకులో నాచు ఉందనే అనుకోండి. 100 లీటర్ల నీళ్లలో 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 100 మిల్లీలీటర్లు కలిపి, ప్రతి కుళాయీ తిప్పి క్లోరిన్ వాసన వచ్చేదాకా వదిలి, నాలుగు గంటలు అలాగే ఉంచి, ఖాళీ చేసి, రెండుసార్లు మంచినీళ్లతో కడగండి. ఇది ప్రయాణానికి వారం ముందు చేస్తే లీకులు కూడా బయటపడతాయి: కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా పంపు మధ్యమధ్యలో టకటకలాడితే ఎక్కడో కారుతున్నట్టే. రాత్రి, ప్రయాణంలో పంపు స్విచ్ ఆపేయండి.

వాడిన నీళ్లు మామిడి మొదట్లోకి వదిలేద్దాం, చెట్టుకు మంచిదే అనేవాళ్లు తప్పకుండా ఉంటారు. బియ్యం కడిగిన నీళ్లయితే సరే. సబ్బు, నూనె, సాంబారు మెతుకులు కలిసిన నీళ్లు ముప్ఫై బండ్ల నుంచి పారితే రెండో రోజుకు ఈగలు, వాసన, బురద. పళ్లేలను ముందు కాగితంతో తుడిచి తర్వాత కడగండి, సగం నీళ్లు మిగులుతాయి. బండికి మురుగునీటి ట్యాంకు లేకపోతే గొట్టం కింద 20 లీటర్ల క్యాన్ పెట్టి, నిండగానే నిర్వాహకులు చూపించిన గుంటలో పోయండి.

టాయిలెట్ గురించి ఎవరూ నోరు తెరిచి అడగరు, మీరు అడిగారు కాబట్టి వివరంగా రాస్తున్నాం. క్యాసెట్‌లో పట్టేది 18 నుంచి 20 లీటర్లు. అయిదుగురూ అన్నిటికీ వాడితే ఒకటిన్నర రోజులో నిండుతుంది. మీరు, పిల్లలు పగలు ఫామ్‌హౌస్‌కు వెళ్లి, బండిలోది మీ అత్తగారికి, రాత్రిపూట పిల్లలకు ఉంచితే రెండు రాత్రులూ వస్తుంది. బయల్దేరే ముందు అడుగున రెండు లీటర్ల నీళ్లు, డబ్బా మీద రాసినంత ఎంజైమ్ ద్రవం పోయండి. ఫార్మాల్డిహైడ్ ఉన్న నీలిరంగు మందు వద్దు, అది సెప్టిక్ ట్యాంకులో మలినాన్ని కరిగించే బ్యాక్టీరియాను చంపేస్తుంది. ఫినాయిల్, యాసిడ్, బ్లీచింగ్ అసలే వద్దు. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, పైగా క్యాసెట్ మూత చుట్టూ ఉండే రబ్బరు సీలు బిరుసెక్కి లీకవుతుంది. ఆ సీలుకు సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే చాలు.

ఖాళీ చేయడం తోటలో కాదు, ఇంటికొచ్చాకే. ముప్ఫై క్యాసెట్లు ఒక్క ఫామ్‌హౌస్ సెప్టిక్ ట్యాంకులో పడితే అది పొంగుతుంది, వచ్చే ఏడాది ఆ తోట ఇవ్వరు. ఇంట్లో టాయిలెట్ బేసిన్ దగ్గర క్యాసెట్‌ను నిలబెట్టి, పోసే మూతిని బయటివైపు తిప్పి, మూత తీసి, రెండు చేతులతో ఎత్తి వంచండి. వంచేటప్పుడు పిడి పక్కనున్న గాలి బటన్‌ను బొటనవేలితో నొక్కి పట్టాలి. కొత్తవాళ్లు మరిచిపోయేది దీన్నే. అది నొక్కకపోతే లోపలికి గాలి పోక గుడగుడలాడుతూ ఎగజిమ్ముతుంది, ప్యాంటు మీద పడుతుంది. క్యాసెట్ నిటారుగా ఉన్నప్పుడు మాత్రం ఆ బటన్ జోలికి పోవద్దు. తర్వాత రెండు లీటర్ల నీళ్లు పోసి, ఊపి, మళ్లీ పారబోయండి. మామూలు టాయిలెట్ పేపర్ త్వరగా కరగదు, తడి వైప్స్ అసలే కరగవు, వాటికో మూత సంచీ వేరుగా ఉండాలి.

మీ అత్తగారి కోసం ఇంకో రెండు. ట్రావెలర్ మెట్టు ఎత్తు, మధ్యలో ఒక మడత మెట్టు, తలుపు పక్కన పట్టుకునే కడ్డీ ఉండాలి. మెట్టు నాలుగు కాళ్లూ మట్టిలో దిగకుండా కింద చెక్క పలక వేయండి. ఆవిడకు కింది పడక, టాయిలెట్ దారిలో సన్నటి రాత్రి లైటు.

వంట ఎక్కువగా బయట బల్ల మీదే పెట్టుకోండి. తలుపులు మూసి ఎండుమిర్చి తిరగమోత వేస్తే బండి మొత్తం దగ్గుతుంది, ఆ నూనె వాసన పరుపుల్లోంచి నెల దాకా పోదు. 5 కిలోల సిలిండర్‌ను నిటారుగా బెల్టుతో కట్టి, అడుగున బయటికి రంధ్రమున్న పెట్టెలో ఉంచాలి. నారింజ రంగు సురక్షా గొట్టం గడువు అయిదేళ్లు, సంవత్సరం దాని మీదే ముద్రించి ఉంటుంది. పాత ఓనరు ఎప్పుడు మార్చాడో చూసుకోండి. జాయింట్ల మీద సబ్బునురగ రాసి బుడగలు రావడం లేదని తేల్చుకోండి. బండి కదిలితే సిలిండర్ దగ్గరే వాల్వు కట్టేయాలి. ఆనింగ్ (బండి పక్కన నీడకు చాపే గుడ్డ పందిరి) కింద స్టవ్ వద్దు. తలుపు దగ్గర చేతికందేలా 2 కిలోల ఏబీసీ మంటార్పే సిలిండర్ ఉండాలి.

దారి చిన్నదే. ఔటర్ రింగ్ రోడ్డు మీద అప్పా జంక్షన్ దాకా వచ్చి దిగి, మొయినాబాద్, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దగ్గర కుడికి తిరిగితే వికారాబాద్. ఆ బీజాపూర్ రోడ్డు పక్క ఊడల మర్రిచెట్లే జాగ్రత్త. ఎదురుగా బస్సో కంకర టిప్పరో వస్తే మన చేయి తెలీకుండానే ఎడమకు తిప్పుతుంది, ఆ ఎడమ అంచునే కొమ్మలు కిందికి దిగి ఉంటాయి. మొదట తగిలేది ఏసీ మూత, తర్వాత సోలార్ ప్యానెల్ అంచు. బండి ఎత్తు ఏసీతో సహా టేపుతో కొలిచి, ఆ అంకె స్టీరింగ్ ఎదురుగా అతికించుకోండి. మీ ఇంటినుంచి లింగంపల్లి రైల్వే అండర్‌బ్రిడ్జి కిందుగా పోయే అలవాటుంటే అక్కడ ఎత్తు బోర్డు చూసే దూరండి. అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆన్చి కూర్చోకుండా ఎక్కిన గేరులోనే దిగండి.

బయల్దేరే ముందు నీళ్లు, మనుషులు, సామాన్లతో సహా బండిని ధర్మకాంట ఎక్కించండి. ఆర్‌సీలో రాసిన స్థూల బరువు దాటితే ట్యాంకు సగమే నింపుదాం అనిపిస్తుంది, కానీ అడ్డుపలకల్లేని సగం ట్యాంకులో నీళ్లు మలుపుల్లో బండిని ఊపేస్తాయి. బదులుగా సామాన్లు తగ్గించండి. టైరు పక్కన నాలుగంకెల తేదీ చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. ఎక్కువగా నిలబడే బండ్లలో అచ్చు అరగకముందే పక్కగోడ పగుళ్లిస్తుంది, ఆరేళ్లు దాటితే మార్చేయడం మేలు. బండి కదులుతున్నంతసేపూ అందరూ సీటు బెల్టుల్లోనే, పడకల మీద ఎవరూ ఉండకూడదు.

వెలుగుండగానే, నాలుగింటికల్లా తోటకు చేరండి. ఆ పక్కంతా కొన్నిచోట్ల నల్లరేగడి, కొన్నిచోట్ల ఎర్రగరప. నల్లరేగడి మీద కిందటి వారం వాన పడి ఉంటే పైన ఆరినట్టుండి లోపల జావగా ఉంటుంది. దిగి మడమతో తొక్కి చూడండి, అంగుళం దిగితే అక్కడ వద్దు. వెనక్కి తీసుకెళ్లి ముక్కు బయటికి ఉండేలా ఆపండి. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి వంటగట్టు మీద చూసి, పల్లమున్న చక్రాల కింద రెండంగుళాల మందం టేకు పలకలు పెట్టి ఎక్కించండి. తల కాళ్ల కన్నా కిందికుంటే ఎవరికీ నిద్రపట్టదు. హ్యాండ్‌బ్రేకు, మొదటి గేరు, చక్రాలకు అడ్డుదిమ్మలు. ఆనింగ్‌కు ఒక మూల దించి కట్టండి, వాన నీళ్లు అటు జారిపోతాయి. మనుషులు లేనప్పుడు, నిద్రపోయేటప్పుడు చుట్టేయాలి. ఒక్క గాలి విసురుకు దాని కడ్డీలు వంగిపోతాయి.

కొత్తవాళ్లమని సిగ్గుపడొద్దు, అక్కడ అందరి బండిలోనూ ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది. పక్క బండికీ మీకూ మధ్య జాగా వాళ్ల వాకిలి అనుకోండి, అడ్డంగా నడవకండి. లోపల చూడాలనుంటే అడిగి, చెప్పులు విప్పి ఎక్కండి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు లౌడ్‌స్పీకర్లు చట్టరీత్యా నిషేధం. తలుపు ధడాలున మూయడం, రివర్సు బజరు, కుక్క అరుపు చట్టంలో లేకపోయినా పక్కవాళ్లకు వినపడతాయి. అడవి అంచున మంట వేయకండి. పులిహోర కాస్త ఎక్కువ కలుపుకెళ్లండి, దాని వాసనకు వచ్చినవాళ్లే మీకు చార్జర్ సెట్టింగులు నేర్పుతారు. ఎవరి బండిలోనైనా సోకుల కన్నా ముందు బ్యాటరీ ప్లస్ తీగకు జానెడు దూరంలో ఫ్యూజు ఎలా పెట్టారో, తీగలు నేల రంధ్రాల్లో రబ్బరు రింగుల గుండా వెళ్తున్నాయో లేదో చూడండి. తిరిగొచ్చాక మీ బండిలో మొదట సరిచేయాల్సింది అవే.

లైసెన్సు విషయం: ఆర్‌సీలో స్థూల బరువు 7,500 కిలోలు దాటకపోతే ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు, అంటే మీ కారు లైసెన్సే చాలు. అంతకన్నా పెద్ద ప్రశ్న ఆర్‌సీయే. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు, రవాణా శాఖ అనుమతించిన మార్పులు ఆర్‌సీలో ఎక్కాలి. ఆర్‌సీలో పదమూడు సీట్ల ప్యాసింజర్ బండి అని, లోపల చూస్తే వంటగట్టు, సిలిండర్ అని ఉంటే ప్రమాదం జరిగిననాడు బీమా కంపెనీ వేలు పెట్టేది అక్కడే. బాడీ టైపు, సీట్ల సంఖ్య, పేరు మార్పిడి చూసి, బీమా పాలసీ కూడా ఆ వివరాలతోనే ఉందో లేదో ఇప్పుడే తేల్చుకోండి, డిసెంబరుకు ఇంకా టైముంది. పసుపు నంబరు ప్లేటయితే పర్మిటు సంగతీ అడగండి.

ఇవన్నీ అయ్యాక, వెళ్లే ముందు శనివారం రాత్రి అయిదుగురూ ఇంటి ముందే బండిలో పడుకోండి. బయటి కరెంటు, ఇంటి బాత్‌రూము వాడకుండా, పొద్దున టిఫిను కూడా అందులోనే. ఎక్కడ తల తగులుతుందో, ఏ కుళాయి కారుతుందో, బ్యాటరీ ఎంత శాతం దిగిందో అప్పుడు తెలుస్తుంది. దిగింది 40 శాతం దాటితే ఫ్రిజ్ థర్మోస్టాట్ రెండు గీతలు తగ్గించి, మళ్లీ ఒక రాత్రి చూడండి.